పాత స్టాకు టైర్లు కొత్తవని అమ్మడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర నిమ్మతోట. చెట్ల వరసల మధ్య దున్నుకోవడానికి పాత మినీ ట్రాక్టర్ ఒకటి ఉంది. దాని వెనక టైర్లు గ్రిప్ మొత్తం అరిగిపోయి తడి నేలలో జారిపోతుంటే, 2024 జూన్‌లో మీ డీలర్ దగ్గర మీ కంపెనీవే 8.00-18 సైజు, 6 ప్లై టైర్లు రెండూ వేయించాను. కొత్త టైర్లన్నారు, కొత్త టైర్ల రేటే తీసుకున్నారు.

ఏడాది తిరక్కుండానే రెండూ పక్కల పగుళ్లిచ్చాయి. సన్న గీతలైతే నేనూ పట్టించుకోను, ఇవి గోరు దిగేంత లోతున్నాయి, గ్రిప్ అడుగున అయితే లోపలి దారాలు కూడా కనపడుతున్నాయి. గ్రిప్ మాత్రం అరగనే లేదు. అంటే వాడి వాడి పోయిన టైరు కాదిది, రబ్బరే ఎండిపోయింది. మా పంక్చర్ షాపతను మట్టి తుడిచి టైరు పక్కన ఉన్న అంకెలు చూపించాడు, చివర 1819 అని ఉంది. 2019లో 18వ వారం తయారైన సరుకన్నమాట! ఐదేళ్లు ఎక్కడో పడి ఉన్నదాన్ని తెచ్చి నాకు అంటగట్టారు.

చూడటానికొచ్చిన మీ మనిషి నిమ్మ ముళ్ల వల్ల అన్నాడు. ముల్లు దిగితే పంక్చరవుతుంది సార్, టైరు చుట్టూ పగుళ్లు రావు. ఆ తర్వాత ఫోన్‌లో ఇంకో మాట, వారంటీ తయారైన తేదీ నుంచే లెక్క కాబట్టి ఎప్పుడో అయిపోయిందట. మరి నేను డబ్బు కట్టే రోజుకే అయిపోయిన వారంటీని కార్డు మీద స్టాంపేసి చేతికెందుకిచ్చారు? పాత సరుకని ముందే చెప్పుంటే అసలు కొనేవాణ్ణే కాదు.

రెండు టైర్లూ ఈ మధ్య తయారైనవి మార్చివ్వండి, లేదా బిల్లు డబ్బు వెనక్కివ్వండి. ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగా జవాబు కావాలి. పదిహేను రోజుల్లో రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మా జిల్లాలోనే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు సరుకైతే ఫీజు కూడా లేదు.

బిల్లు, వారంటీ కార్డు, పగుళ్ల ఫొటోలు, 1819 అంకెల ఫొటో జతచేశాను. టైర్లు విప్పి షెడ్డులో పెట్టించాను, ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్