ఇంట్లో స్విచ్చికి బయటి సర్వర్ అనుమతి ఎందుకు?

సంపాదకులకు,

పోరంకి, కానూరు, తాడేపల్లి, గుంటూరు గోరంట్ల... ఎక్కడ కొత్త అపార్ట్‌మెంటు లేచినా బ్రోషర్‌లో ‘స్మార్ట్ ప్యానెల్’ అన్న మాట కనిపిస్తోంది. డీబీ (కరెంటును గదులకు పంచే పెట్టె) పక్కన ఇంకో పెట్టె, అందులో నాలుగో ఎనిమిదో రిలేలు (చిప్పు చెప్పినట్టు కరెంటు వేసి ఆపే చిన్న స్విచ్చులు), ఫోన్లో ఒక యాప్. నెట్ పోతే ఈ పెట్టె సంగతేమిటన్నది మాత్రం అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు.

వీటిలో చాలావాటి పనితీరు ముక్కేదంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు ఉంటుంది. మంచం మీద నుంచి ఫ్యాన్ ఆపమని ఫోన్లో నొక్కితే, ఆ మాట రౌటర్ దాటి ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అదే రౌటర్ గుండా తిరిగొచ్చి, పది అడుగుల దూరంలోని రిలేకు చేరుతుంది. మధ్యలో ఎక్కడ తెగినా ఫ్యాన్ ఆగదు. మన ఊళ్లో ఫైబర్ తీగలు వేలాడేది కరెంటు స్తంభాల మీదే. ఎత్తు లోడుతో ఒక లారీ వెళ్లినా, డ్రైనేజీ కోసం జేసీబీ దిగినా చాలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. ఆ రెండూ ఒకే రోజు తిరిగి రావాలని లేదు. 2022 మేలో కోనసీమలో అల్లర్ల తర్వాత ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. ఇవేవీ కాకుండా కంపెనీయే చేతులెత్తేయొచ్చు: అమెరికాలో రివాల్వ్ కంపెనీ హబ్‌లు (ఇంటి స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టెలు) 2016 మేలో, ఇన్‌స్టియాన్ కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ఇలాగే ఆగిపోయాయి.

నిజానికి రిలే పక్కనున్న చిన్న చిప్పుకు బయటి సాయం అక్కర్లేదు. ఈఎస్‌పీ32 లాంటి చిప్పులో టాస్మోటా గానీ ఈఎస్‌పీహోమ్ గానీ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంట్లోని వైఫై మీదే ఫోన్‌కు జవాబిస్తుంది. షెల్లీ కంపెనీ మాడ్యూళ్లలో (రిలే, చిప్పు కలిసి ఉన్న చిన్న పెట్టెల్లో) ఈ సౌకర్యం పుట్టుకతోనే ఉంది. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేందుకు 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణం కూడా ఇంటి నెట్‌వర్క్ లోపలే పనిచేసేలా రాసుకున్నదే. అన్ని గదులనూ ఒకే తెర మీద చూడాలంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్, దానికి తోడు మాడ్యూళ్ల సందేశాలను చేరవేసే మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ పెట్టుకుంటే సరిపోతుంది; ఇదే ఇంటి హబ్. అమర్చేటప్పుడే నెట్ కావాలి, తర్వాత అక్కర్లేదు. రౌటర్‌లో ఒక్కో మాడ్యూల్‌కు ఐపీ అడ్రసు రిజర్వ్ చేయడం మరవకూడదు. చేయకపోతే కరెంటు పోయి వచ్చిన రోజున హాలు అడ్రసు వంటగదికి పోవచ్చు. పాత మాడ్యూల్‌లో సాఫ్ట్‌వేర్ మార్చాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: 230 వోల్టుల సప్లై తగిలించి ఉండగా దానికి యూఎస్‌బీ తీగ కలపొద్దు. చాలా మాడ్యూళ్లలో చిప్పును మెయిన్ కరెంటు నుంచి విడదీసే ఐసొలేషన్ ఉండదు, ల్యాప్‌టాప్‌తో పాటు మనిషీ పోతాడు.

లోకల్‌గా పెట్టామనుకున్న ఇళ్లలోనూ నెట్ పోయినప్పుడే అసలు లొసుగులు బయటపడతాయి. మొదటిది ఫోన్‌తోనే. వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించగానే ఫోన్ తనంతట తాను మొబైల్ డేటాకు దూకుతుంది. అక్కడి నుంచి 192.168తో మొదలయ్యే ఇంటి అడ్రసు దొరకదు. ప్యానెల్ పాడైందని మిస్త్రీని పిలుస్తారు. మొబైల్ డేటా ఆపితే చాలు. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కూ ఇదే గతి.

రెండోది గడియారం. రాత్రి పదింటికి మెట్ల దీపం ఆరాలని పెట్టుకుంటాం. చిప్పుకు టైము తెలిసేది ఇంటర్నెట్ నుంచే. కరెంటు పోయి, నెట్ లేకుండా తిరిగొస్తే దానికి టైము తెలియదు, టైమర్ కదలదు. రాస్ప్‌బెర్రీ పై 4కూ సొంత గడియారం లేదు; పై 5కు ఉన్నా బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. పై 4కు డీఎస్3231 గడియారం మాడ్యూల్, అందులో సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పెట్టి, మిగతా మాడ్యూళ్లన్నీ దాన్నే టైము అడిగేలా అమర్చాలి.

మూడోది మరీ చిరాకు. హబ్‌తోనో వైఫైతోనో సంబంధం తెగితే 15 నిమిషాలకు తనంతట తాను రీబూట్ అయ్యే గుణం ఈఎస్‌పీహోమ్‌లో ముందే ఉంటుంది. హబ్ పాడైన ఇంట్లో పావుగంటకోసారి టక్కుమని దీపం ఆరుతుంది. ఆ గడువును వైఫైకీ, హబ్‌తో మాట్లాడే ఏపీఐకీ విడివిడిగా సున్నా చేయాలి. కరెంటు తిరిగొచ్చినప్పుడు ఏ రిలే ఏ స్థితిలో ఉండాలో కూడా నిర్ణయించాలి. దీపాలు పాత స్థితికి రావచ్చు. గీజరు, మోటారు మాత్రం ఆఫ్‌లోనే లేవాలి.

ఇక వైరింగు. పాత ఇళ్ల స్విచ్ బోర్డుల్లో న్యూట్రల్ తీగ ఉండదు, మాడ్యూల్‌కు అది కావాలి. ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడి సరిపెట్టే మిస్త్రీని ఇంట్లోకి రానివ్వకండి. రిలే మీద 16 ఆంపియర్లని రాసి ఉన్నది గీజరు లాంటి లోడుకు వర్తిస్తుంది. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకున్నా, స్టార్టింగులో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తున్నా ట్యాంకు పొంగుతూనే ఉంటుంది. మోటారుకు ఏసీ-3 (మోటారు లోడుకు ఇచ్చే) రేటింగు చూసి కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చు) వేసి, రిలేతో దాని కాయిల్‌ను మాత్రమే నడపాలి. పక్కనే మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్: మధ్యలో ఆఫ్, ఒకవైపు రిలే గుండా, రెండోవైపు ఫేజు నేరుగా కాయిల్‌కు. చిప్పు కాలినా మోటారు ఆడేది ఈ మూడో దారి వల్లనే. పడమటి బాల్కనీ గోడకు ప్యానెల్ బిగించడమూ తప్పే. చాలా మాడ్యూళ్ల కాగితాల్లో 40 డిగ్రీలే హద్దని ఉంటుంది, మన మే నెల నీడలోనే దాన్ని దాటేస్తుంది.

ఇదంతా కొనుగోలుదారుడే తెలుసుకోవాలనడం న్యాయం కాదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు, అమ్మకపు ఒప్పందంలోని బాధ్యతల్లో లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అయితే ఒప్పందంలో ‘స్మార్ట్ ప్యానెల్’ అని మాత్రమే రాసి ఉంటే ఏ లోపాన్ని చూపిస్తాం? ‘ఇంటర్నెట్ లేకుండా అన్ని రిలేలూ ఇంటి వైఫై మీద, గోడ స్విచ్చుల మీద పనిచేయాలి’ అన్న వాక్యాన్ని స్పెసిఫికేషన్లలో చేర్చమని ఏపీ రెరా బిల్డర్లను ఆదేశించాలి.

తాళాలు తీసుకునే రోజున పావుగంట పరీక్ష చాలు. ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) నుంచి ఆకుపచ్చ పిన్ను ఫైబర్ తీగను మెల్లగా లాగండి. సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మిణుకుతుంది. మొబైల్ డేటా ఆపి, ఫోన్‌తో ప్రతి రిలే వేసి ఆపి చూడండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి వేసి, రౌటర్ లేచేదాకా అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. చివరికి రౌటర్ కూడా కట్టేసి గోడ స్విచ్చులు నొక్కండి. ఫ్యాక్టరీ రీసెట్ చేశాక మళ్లీ జత చేయడానికి నెట్ కావాలా అన్నది విడిగా అడగండి. చాలామంది అమ్మకందార్లు ఇక్కడే నీళ్లు నములుతారు.

ఏ ఎంసీబీ ఏ గదికో రాసిన కాగితాన్ని డీబీ తలుపు లోపల అంటించే మంచి అలవాటు మన మిస్త్రీలకు ఎప్పటి నుంచో ఉంది. అదే కాగితం మీద రిలేల ఐపీ అడ్రసులూ రాయించుకోండి. హబ్ పాస్‌వర్డును మాత్రం వేరే కవర్లో పెట్టి, ఫ్లాటు తాళాలతో పాటు చేతికి తీసుకోండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు, పటమట, విజయవాడ