ఇల్లు మునిగినా ఐదో తేదీ ఆగదు

సంపాదకుల గారికి,

టీవీలో అల్పపీడనం అనగానే మా పిల్లలు స్కూలుకు సెలవిస్తారా అని చూస్తారు, నేను మాత్రం బీరువా కింది అరలో ఉన్న కాగితాలు తీసి పై అరలోకి మారుస్తాను. 2021 నవంబరు తర్వాత పట్టుకున్న అలవాటు ఇది. ఆ నెల 18, 19 తేదీల్లో తిరుపతిలో కురిసిన వాన ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, తర్వాత రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. శ్రీకృష్ణానగర్‌లో ఒకరింట్లో భూమిలో దించిన సంపు వరలతో సహా పైకి లేచి నిలబడింది. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. రానిది మా ఇంట్లో డిసెంబరు 5న మొదలైంది.

ఆ రోజు హౌసింగ్ లోన్ ఈఎంఐ తేదీ. ఆదివారమే, కానీ ఆ ఏడాది ఆగస్టు నుంచి ఆటో డెబిట్‌కు, అంటే ఖాతాలోంచి కంతు దానంతటదే కోసుకోవడానికి, సెలవులు లేవు. ఖాతాలో ఉన్న డబ్బంతా బురద ఎత్తిన కూలీలకు, కాలిపోయిన మోటారుకు, వైరింగ్‌కు పోయింది. నడుము లోతు నీళ్లు రెండు రోజులు నిలిస్తే ఇల్లు ఏమవుతుందో చూసినవాళ్లకే తెలుసు. నీళ్లు పోయాక గోడ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, పది రోజులకు సున్నం పొంగి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, తలుపులు ఉబ్బి గొళ్లెం పడదు, బండల కింద ఇసుక కొట్టుకుపోయి అడుగేస్తే డొల్ల శబ్దం వస్తుంది. ఆ శబ్దం వింటూ కూర్చున్నప్పుడే ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఈఎంఐ బౌన్స్ అయింది, చార్జీ జీఎస్టీతో కలిపి 590 రూపాయలు అని.

మా ఆయన, నేను బ్యాంకుకు వెళ్లాం. మేనేజర్ మంచివాడే, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "పంట లోన్ అయితే దారుందమ్మా, హౌసింగ్‌కు మాకు పైనుంచి ఏమీ రాలేదు" అన్నాడు. రిపేరుకు టాప్ అప్ లోన్, అంటే ఉన్న లోన్ మీదే ఇంకొంత అప్పు, పెట్టుకోమన్నాడు, దానికి ఇంజనీర్ ఎస్టిమేటు, మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఇంటి పన్ను రసీదు, ఇంకా ఏవో. సగం కాగితాలు అప్పటికి మిద్దె మీద తాడుకు ఆరేసి ఉన్నాయి, బట్టల క్లిప్పులు పెట్టి. పైగా ఆ ఒక్క బౌన్స్ వల్ల సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడుతున్నామా అని చూపే మార్కు, తగ్గి వడ్డీ ఎక్కువ పడొచ్చని మేనేజరే చెప్పాడు. చివరికి నా గాజులు తాకట్టు పెట్టి గోడలకు సిమెంటు పూయించాం.

ఆ తర్వాత నాకు పట్టుదల వచ్చి ఈ రూల్స్ సంగతి చదివాను. ప్రకృతి వైపరీత్యాలప్పుడు బ్యాంకులు ఏం చేయాలో రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులో ఆదేశాలు ఇచ్చింది. పంట 33 శాతం నుంచి 50 శాతం దాకా పోతే పంట రుణం రెండేళ్ల వరకు, అంతకు మించితే ఐదేళ్ల వరకు కట్టేలా మార్చొచ్చని అందులో రాశారు. రైతుకు అంత స్పష్టంగా రాయడం న్యాయమే, అది కూడా సరిగా అందడం లేదని వాళ్లు మొత్తుకుంటున్నారు. మిగతా అప్పుల సంగతికి వచ్చేసరికి మాత్రం బ్యాంకర్ల కమిటీ ఆలోచించి చెప్పాలని, ఆపైన ఒక్కో ఖాతాను బట్టి ఆ బ్యాంకే నిర్ణయించాలని వదిలేశారు. అంటే మనిషి వెళ్లి అడగాలి, అడగొచ్చని ముందు తెలిసుండాలి.

ప్రభుత్వ సాయం సంగతి చెప్పాలంటే, కేంద్రం విపత్తు నిధి లెక్క ప్రకారం కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి అప్పట్లో ఇచ్చేది 5,200 రూపాయలు, 2022లో దాన్ని 6,500 చేశారు. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. 2024లో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం నేలంతస్తు ఇళ్లకు 25,000 ఇచ్చింది, సంతోషం. మా వైపు వాన కూడా అంతే తడుపుతుంది కదా!

మూడు నెలలు ఈఎంఐ ఆపితే చాలని నేనూ మొదట అనుకున్నాను. కాగితం మీద లెక్కేస్తే గుండె ఆగింది. 20 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకోండి, నెలకు దాదాపు 18,000. అప్పు తీసుకున్న కొత్తలోనే మూడు కంతులు ఆపి, ఈఎంఐ మార్చకుండా గడువు పొడిగిస్తే చివర్లో ఆ మూడింటికి బదులు సుమారు 19 కంతులు కట్టాలి. ఆపిన నెలల వడ్డీ అసలులో కలిసి ఏళ్ల తరబడి పిల్లలు పెడుతుంది మరి. 2020లో కరోనా మారటోరియం అప్పుడు, అంటే కంతులు కొన్ని నెలలు ఆపుకోనిచ్చినప్పుడు, 2 కోట్ల లోపు అప్పులకు చక్రవడ్డీ, బారువడ్డీ మధ్య తేడాను కేంద్రమే భరించింది. తేడా చిన్నదే, కానీ చేయాలనుకుంటే దారి ఉందని తెలిసింది.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకో కథ. లోన్ ఇచ్చేటప్పుడు ప్రీమియం కూడా అప్పులోనే కలిపారు కాబట్టి ఇంటికి బీమా ఉందని ధైర్యంగా ఉన్నాం. తీరా బాండు తీసి చూస్తే అది మా ఆయన ప్రాణానికి చేసినది, ఇంటికి కాదు! వరద, కొండచరియలు అన్నీ కవరయ్యే భారత్ గృహ రక్ష అనే పాలసీ 2021 ఏప్రిల్ నుంచే ఉందని మాకెవరూ చెప్పలేదు. లోన్ ఉన్నవాళ్లందరూ ఈ లెటర్ చదవగానే ఒకసారి బాండు తీసి చూసుకోండి.

నేను మాఫీ అడగడం లేదు. కలెక్టరు ఫలానా వార్డులు మునిగాయని ప్రకటించిన రోజే ఆ వార్డుల్లో లోన్ ఉన్న ఇళ్లకు బ్యాంకు నుంచే మెసేజ్ రావాలి, మూడు నెలలు కంతు ఆపాలా అని. ఆపిన నెలల వడ్డీని అసలులో కలపకుండా పక్కన రాసి పెట్టుకుని చివర్లో తీసుకోవాలి. బౌన్స్ చార్జీ వేయకూడదు, సిబిల్‌కు ఎక్కించకూడదు. రిపేరుకు రెండు మూడు లక్షలు పాత లోన్ వడ్డీకే ఇవ్వాలి, ఇంటి పత్రాలు ఎలాగూ వాళ్ల లాకరులోనే, తడవకుండా ఉన్నాయి కదా! ఇళ్ల మరమ్మతు అప్పులను ప్రాధాన్య రంగం, అంటే బ్యాంకులు తప్పనిసరిగా కొంత అప్పు ఇవ్వాల్సిన రంగాల లెక్కలో చూపించుకునే వీలు కూడా బ్యాంకులకు ఉంది. జిల్లాలో బ్యాంకులన్నిటినీ కలుపుకుపోయే లీడ్ బ్యాంకు వాళ్లు, కలెక్టరు గారు కలిసి కూర్చునే మీటింగులో ఈ ఒక్క విషయం పెట్టమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మీటింగు వానలు పడ్డాక కాదు, అక్టోబరు లోపే పెట్టాలి.

మా హాల్లో నీళ్లు నిలిచిన గీత ఇంకా అలాగే ఉంది, నడుము ఎత్తున. రెండు సార్లు పెయింటు వేయించినా చెమ్మకు మళ్లీ పైకి తేలుతోంది.

ఇట్లు,
ఒక గృహిణి, తిరుపతి