తెల్లవారుజామున లేపే కుక్కకు ఆ విద్య నేర్పింది మనమే

సంపాదకులు గారికి,

నమస్కారం. నిద్రపోతున్న యజమానుల్ని పెంపుడు కుక్కలు ఎలా లేపుతాయో పాఠకులు పంపిన ఫొటోలు, ముచ్చట్లు మీ ఆదివారం అనుబంధంలో చూశాం. ముఖం పక్కన బంతి పెట్టి కూర్చున్న లాబ్రడార్, దుప్పటి కొస పట్టుకుని లాగుతున్న పామరేనియన్, అన్నీ ముద్దొచ్చేవే. ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇచ్చే మాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు కూడా సరిగ్గా ఇదే. మొదటి నెల నవ్వుకున్న ఇల్లే మూడో నెలకు కుక్కను రాత్రిళ్లు బాల్కనీలో కట్టేస్తుంది, ఆరో నెలకు "ఎవరైనా తీసుకుంటారా" అని అడుగుతుంది. అంతదాకా రానక్కర్లేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ చేష్టల్లో ఒక వరస ఉంటుంది, గమనిస్తే భలే ఉంటుంది. లాబ్రడార్‌నే చూడండి. ముందు మంచం పక్కన నిలబడి ఊరికే చూస్తుంది, దాని ఊపిరి మన చెంపకు తగిలేంత దగ్గరగా. పని కాకపోతే గడ్డం తెచ్చి పరుపు అంచున ఆనించి, ముక్కుతో ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తుంది. అప్పటికీ కదలకపోతే ముందుకాలు ఎత్తి మన మోచేతి మీద పెట్టి మెల్లగా కిందికి గీరుతుంది. గీరి, రెండు క్షణాలు ఆగుతుంది. ఆ ఆగడంలోనే అసలు సంగతంతా ఉంది: ఫలితం వచ్చిందా లేదా అని చూసుకుంటోంది. రాలేదంటే మళ్లీ గీరుతుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా.

పగ్‌కు, షిట్జూకు అంత ఎత్తు అందదు కాబట్టి అవి తుమ్ముతాయి. జలుబు తుమ్ము కాదు, తల విదిలిస్తూ వరసగా మూడు నాలుగు పొడి తుమ్ములు. ఒళ్లంతా విదిలించి చెవులు టపటపలాడించడం, మెడపట్టీ బిళ్ల గలగలమనిపించడం, కుయ్యిమంటూ ఆవలించడం చాలా కుక్కలకు తెలిసిన విద్యలే. స్టీలు గిన్నెలో తిండి పెట్టే ఇళ్లలో కుక్క ఆ ఖాళీ గిన్నెను నోట కరిచి తెచ్చి, మంచం పక్కన గచ్చు మీద జారవిడుస్తుంది. దోమతెర కట్టుకుంటే తెరకు ముక్కు ఆనించి, మన అరికాలు తగిలేదాకా లోపలికి తోస్తుంది. వేసవిలో డాబా మీదో వాకిట్లోనో నులకమంచం వేసుకుని పడుకుంటే కిందకు దూరి, వీపు వంచి నులకను పైకి నెడుతుంది. పడుకున్నవాళ్లకు నడుము కింద ఏదో బుడిపె లేచి అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉంటుంది. దుప్పట్లోంచి బయటపడ్డ బొటనవేలు నాకడం సరేసరి. అన్నిటికంటే తెలివైనది చెప్పు ఎత్తుకుపోవడం. ఎత్తుకుని పారిపోదు, గుమ్మంలో మనకు కనిపించేలా నిలబడుతుంది.

మనం మేలుకున్నామో లేదో కుక్క బాగానే కనిపెడుతుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పరిశోధకులు 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు: తినొద్దని చెప్పిన తిండి ముక్క ఎదురుగా ఉన్నప్పుడు, మనిషి కళ్లు తెరిచి చూస్తుంటే కుక్కలు చాలావరకు ఆగాయి, కళ్లు మూసుకున్నా వీపు తిప్పుకున్నా ఎక్కువసార్లు తినేశాయి. మనిషి చూపును అంతగా గమనించే ప్రాణి కాబట్టి, మన కనురెప్ప అదిరినా, ఊపిరి లయ మారినా, చెయ్యి ఫోను కోసం తడుముకున్నా కుక్క లెక్కలో అది తలుపు తెరుచుకున్నట్టే. కళ్లు మూసుకుని నిద్ర నటించేవాళ్లు ఓడిపోయేది అందుకే.

ఇక నేర్పడం సంగతి. నిద్రమత్తులో మనం ఇచ్చే బహుమానాలు మూడే: చూపు, మాట, చెయ్యి. తిట్టినా మాటే. "పోరా, పడుకో" అంటూ తోసేస్తే మాట, చెయ్యి రెండూ ఒకేసారి ఇచ్చినట్టు. రాత్రంతా ఎవరూ పలకరించని ప్రాణికి తెల్లవారుజామున దొరికిన ఆ తిట్టు కూడా తీపే. ఇంకో చిక్కు ఉంది. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు విసిగి లేచారనుకోండి, రోజూ లేచినదానికంటే అది ఎక్కువ చెరుపు చేస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం వచ్చే పనిని జంతువు అంత తేలిగ్గా మానదని అమెరికా మనస్తత్వవేత్తలు స్కిన్నర్, ఫెర్‌స్టర్ పావురాల మీద చేసిన పనితో 1957 నాటికే తేలింది. ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీ టికెట్టును మనిషి మాత్రం మానుతున్నాడా?

ఉమ్మడి ఇళ్లలో అసలు కీలకం వేరేచోట ఉంటుంది. తాతగారో నానమ్మగారో ఐదింటికి లేచి టీ పెట్టుకుంటారు, బిస్కెట్టు సగం కుక్కకు వేస్తారు. ఆ బిస్కెట్టు రుచి మరిగిన కుక్క పావుతక్కువ ఐదుకే పక్క గదిలో కొడుకునీ కోడల్నీ లేపుతుంది. వాళ్లేమో కుక్కకు మొండితనం ఎక్కువంటారు. తాతగారి బిస్కెట్టు ఆపక్కర్లేదు, ఆయనకూ ఆ కుక్కకూ అదొక ఆనందం. చేయాల్సింది ఇంతే: టీ తాగడం పూర్తయ్యాక, కుక్క తన చాప మీద పడుకుని ఉంటేనే ఇవ్వాలి. గోకితే, గెంతితే బిస్కెట్టు డబ్బాలోకి తిరిగి వెళ్లిపోవాలి.

అయితే మాన్పించే ముందు, అది నిజంగా అవసరంతో లేపుతోందేమో చూసుకోవడం తప్పనిసరి. ఇది వదిలేసి శిక్షణ మొదలుపెడితే పాపం తగులుతుంది. రెండు నెలల కుక్కపిల్ల మూత్రం ఆపుకోగలిగేది దాదాపు మూడు గంటలు, మూడు నెలల పిల్ల నాలుగు గంటలు. వాటిని రాత్రి మధ్యలో మనమే లేపి బయటకు తీసుకెళ్లాలి, లైటు వేయకుండా, మాట్లాడకుండా, ఆడించకుండా. పెద్ద కుక్కకైనా పడుకునే ముందు, పదిన్నర ప్రాంతంలో ఒకసారి బయట తిప్పాలి. గేటుదాకా తీసుకెళ్లి వెనక్కి తేవడం కాదు, వాసన చూసుకుంటూ తిరగడానికి పది నిమిషాలు ఇవ్వాలి. రాత్రి లేవకూడదని నీళ్లగిన్నె తీసేయడం మన ఎండలకు చాలా ప్రమాదం, ఆ పని చేయకండి.

పెద్ద కుక్క ఉన్నట్టుండి రాత్రిళ్లు మూత్రానికి లేపడం మొదలుపెడితే అది తాగే నీళ్లు కొలవండి. ఉదయం లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయండి, మధ్యలో పోసినదీ రాసుకోండి, మర్నాడు అదే వేళకు గిన్నెలో మిగిలినదాన్ని పోసిన మొత్తంలోంచి తీసేసి లెక్కవేయండి. మామూలుగా కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది, అంటే పది కిలోల కుక్కకు అర లీటరు పైచిలుకు. పెరుగన్నం, చారన్నం తినేవి ఇంకా తక్కువే తాగుతాయి. పది కిలోల కుక్క లీటరు దాటి తాగుతోందంటే శిక్షకుడి దగ్గరకు కాదు, ముందు పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భసంచిలో చీము, ఇవన్నీ మొదట ఇలాగే బయటపడతాయి.

ఆకలిది ఇంకో లెక్క. సాయంత్రం ఏడింటికే తిండి పెట్టేసే ఇళ్లలో తెల్లవారుజాముకు పది గంటల ఖాళీ కడుపు. కొన్ని కుక్కలు అప్పుడు గడ్డి కొరుకుతాయి, పసుపు పచ్చని నురగ కక్కుతాయి. రోజు మొత్తం కొలతలోంచే ఒక గుప్పెడు పక్కన పెట్టి, పడుకునే ముందు ఇస్తే చాలాసార్లు ఆ వాంతి, ఆ లేపుడు రెండూ ఆగుతాయి. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. అదనంగా పెట్టకండి, ముఖ్యంగా లాబ్రడార్లకు. వాటిలో దాదాపు నాలుగింట ఒకదానికి, కడుపు నిండిన కబురును మెదడుకు చేరవేసే జన్యువులో కొంత ముక్క లోపించి ఉంటుందని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. అలాంటి కుక్క ఎప్పుడూ ఆకలిమీదే ఉంటుంది, దాని చూపుకు కరిగిపోతే బరువు పెరిగి కీళ్లు పోతాయి. ఇక పాయసంలో కిస్మిస్, కూరలో ఉల్లి వెల్లుల్లి, చాక్లెట్, ఏ వేళకైనా పెట్టకూడనివే.

ఇవేవీ లేవు, శుద్ధ అల్లరే అని తేలాక మాన్పించే మార్గం. కుక్క ఐదింటికి లేపుతుందనుకుందాం. మీరు నాలుగు యాభైకి, సన్నని శబ్దంతో అలారం పెట్టుకుని ముందే లేవండి. అలా మూడు రోజులు. కుక్క లేపలేదు, అలారం లేపింది. ఈ ముడి పడ్డాక అలారాన్ని మూడు రోజులకోసారి పది నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తూ పోండి. ఆరింటికి చేరడానికి మూడు వారాలు పడుతుంది. మీరు లేచాక తిండిగిన్నె వెంటనే పెట్టకండి, ముఖం కడుక్కుని, పాలు కాచుకుని, అరగంటకు పెట్టండి. మనం లేవడానికీ తిండికీ మధ్య ముడి తెగనిదే ఈ వైద్యం పనిచేయదు.

మధ్యలో కుక్క లేపితే మూడు బహుమానాల్లో ఒక్కటీ దక్కకూడదు. గోడవైపు తిరిగి పడుకోండి. మూడో రోజుకో ఐదో రోజుకో దాని ప్రయత్నం ఒక్కసారిగా రెట్టింపవుతుంది. మొరుగుతుంది, దిండు లాగుతుంది, ఎన్నడూ ఎక్కనిది మంచం ఎక్కుతుంది. "ఈ పద్ధతి మా కుక్కకు పనికిరాదు" అని అందరూ వదిలేసేది సరిగ్గా ఆ రోజే. నిజానికి పాత విద్య ఆరిపోయే ముందు ఎగసే మంట అది. ఆ రెండు మూడు రోజులు గడిస్తే దిగిపోతుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు పక్క ఫ్లాటువాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. ఇంట్లో ఒక్కరు లొంగినా మొదటికే వస్తుంది కాబట్టి పిల్లలతో సహా అందరికీ చెప్పాలి.

పగలు చేయాల్సిన పని కూడా ఉంది. మంచానికి నాలుగడుగుల దూరంలో ఒక చాప వేసి, రోజూ రెండుసార్లు, ఐదేసి నిమిషాలు దాని మీద పడుకోవడం నేర్పాలి. పడుకున్నప్పుడు గింజంత తిండి ముక్క ఇవ్వాలి. సాయంత్రం ముప్పై, నలభై నిమిషాల నడక తప్పదు. వేసవిలో తారురోడ్డు మీద అరచేతి వెనకభాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది పనికిరాదు, రాత్రి ఎనిమిది దాకా ఆగండి. వాన పడి నడక కుదరని రోజు, పాత తువ్వాలులో గుప్పెడు తిండి గింజలు చల్లి చుట్టలా చుట్టి ఇవ్వండి. ముక్కుతో విప్పుకుంటూ పావుగంట కష్టపడుతుంది, ఒళ్లు కాదు బుర్ర అలుస్తుంది. బుర్ర అలిసిన కుక్క హాయిగా పడుకుంటుంది.

ఛాతీ మీదకు దూకి లేపే అలవాటును మాత్రం మొదటి రోజునుంచే ఆపాలి. నిద్రలో ఉన్న కంటికి గోరు తగిలితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు గీత పడవచ్చు. గోళ్లు గచ్చు మీద టకటకమంటున్నాయంటే పెరిగాయని, కత్తిరించాలని గుర్తు. మన సొంత కుక్కే గీరినా చర్మం చెదిరితే, అలా చెదిరిన చోట నాకినా, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పినట్టు ఏటేటా మళ్లీ టీకా, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు పడి ఉంటేనే పక్కలో చోటివ్వండి.

కొన్ని లేపుళ్లు ఆట కాదు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క అర్ధరాత్రి పదే పదే మీ దగ్గరకొచ్చి, తన పొట్టవైపు తిరిగి చూసుకుంటూ, కక్కబోయి ఏమీ రాక చొంగ కారుస్తుంటే, పొట్ట ఉబ్బి బిగిసి ఉంటే, కడుపు మెలితిరిగిందని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగితే దక్కదు. ఆ నిమిషాన్నే బండి తీయాలి. పదేళ్లు దాటిన కుక్క రాత్రంతా తిరుగుతూ, మూలలో ఇరుక్కుని, గోడను చూస్తూ ఏడిస్తే అది ముసలితనపు మతిమరుపు కావచ్చు. దాన్ని పట్టించుకోకుండా ఉండటం తప్పు. చిన్న లైటు వేసి ఉంచండి, డాక్టరుకు చెప్పండి, మందులున్నాయి. దీపావళి రాత్రి వణుకుతూ మంచం కిందకు దూరిన కుక్క కూడా అంతే, దగ్గరకు తీసుకోండి. భయాన్ని ఓదారిస్తే భయం పెరుగుతుందన్నది అపోహ.

చివరగా మీకు ఒక విన్నపం. పాఠకులు పంపే ఫొటోల్లో పసిపిల్లలు నిద్రపోతున్న కుక్క మీద బోర్లా పడుకుని దాన్ని లేపుతున్నవి కూడా ఉంటాయి. వాటిలో కుక్క కళ్లు చూడండి. తెల్లగుడ్డు చంద్రవంకలా బయటపడి, మూతి బిగిసి, నాలుక పెదవి మీద ఉందంటే అది భయపడుతోంది, మరుక్షణం కరవచ్చు. పడుకున్న కుక్కను పిల్లలు దూరంనుంచి పేరు పెట్టి పిలిచి, అది లేచి తనంతట తాను వచ్చాకే ముట్టుకోవాలి. అలాంటి ఫొటో వస్తే దయచేసి అచ్చు వేయకండి, పంపినవాళ్లకు కారణం చెప్పండి.

ఇట్లు,
పెంపుడు కుక్కల శిక్షకులు కొందరు,
హైదరాబాద్