లాగి ఉన్న తాడుకు ముందు చుట్లు, తర్వాతే ముడి

సంపాదకులకు,

గాలివానకు ముందు టార్పాలిన్లు, సామాన్లు తాళ్లతో కట్టుకోవడం గురించి మీ పత్రికలో బొమ్మలతో వచ్చిన కథనం చూశాను. అందులో ప్రతి తాడునూ క్లోవ్ హిచ్‌తోనే (తాడును గుంజకు ఒకదాన్నొకటి దాటేలా రెండుసార్లు చుట్టి, కొసను రెండో చుట్టు కిందికి దూర్చే ముడి) ముగించారు. లారీల మీద సరుకు కట్టడం నా వృత్తి. అందుకే ఈ ఉత్తరం.

క్లోవ్ హిచ్ వేయడం సులువే. కానీ నున్నటి పైపుకు వేస్తే, గాలికి తాడు వదులవుతూ బిగుస్తూ ఉన్నకొద్దీ అది జారుతుంది. ఒక్కోసారి పీటముడిలా బిగుసుకుపోయి ఊడిరానే రాదు.

టెన్షన్‌లో ఉన్న తాడుకు ముందు కావలసింది చుట్లు. గుంజకు కొసను రెండుసార్లు పూర్తిగా తిప్పండి. లాగుడంతా ఆ రాపిడే ఆపేస్తుంది, చేతిలో కొస తేలికవుతుంది. ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి దీన్ని చుట్టిన తాడు రాపిడికి వాడే ఆయిలర్ సూత్రంతో లెక్కకట్టి చూపించింది. రాపిడి గుణకం (తాడుకు, గుంజకు మధ్య రాపిడి ఎంతో చెప్పే సంఖ్య) 0.25 అనుకుంటే, 100 కిలోల లాగుడును ఒక చుట్టు తర్వాత సుమారు 21 కిలోల పట్టుతో, రెండు చుట్ల తర్వాత 4 కిలోల పైచిలుకు పట్టుతో ఆపవచ్చట. గుంజ లావుదైనా సన్నదైనా ఈ లెక్క మారదు.

చుట్లు పడ్డాక, లాగి ఉన్న తాడు మీదే రెండు హాఫ్ హిచ్‌లు (కొసను తాడు చుట్టూ ఒకసారి తిప్పి, ఆ మెలికలోంచి లాగే సాదా ముడులు) వేయాలి, రెండూ ఒకే వైపు తిరిగేలా. రెండోది ఎదురు తిరిగితే పట్టు తగ్గుతుంది. విప్పేటప్పుడు హాఫ్ హిచ్‌లు తీసేసినా చుట్లు తాడును పట్టుకునే ఉంటాయి, మెల్లగా వదలవచ్చు. తాడు కొసన జారని ఉచ్చు వేసే బౌలైన్ కూడా మంచి ముడే, కానీ తాడు లాగి ఉండగా దాన్ని వేయలేం, విప్పలేం.

ఇంకా బిగువు కావాలంటే ట్రక్కర్స్ హిచ్ ఉంది. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసను కింది కొక్కెం చుట్టూ తిప్పి, ఆ ఉచ్చులోంచి లాగడమే. లెక్కకు మూడింతల బలం రావాలి. తాడు తాడుకు రాసుకోవడంతో అంత రాదు గానీ, ఒట్టి చేతులతో లాగినదానికంటే మేలే. లాగాక ఉచ్చు దగ్గర వేళ్లతో నొక్కిపట్టి, అక్కడే రెండు హాఫ్ హిచ్‌లు వేయాలి.

నైలాన్, పాలీప్రొపిలీన్ తాళ్లు నున్నగా ఉంటాయి. వాటికి మరో హాఫ్ హిచ్ వేసి, కొస పొడవుగా వదలండి. నైలాన్ సాగుతుంది కూడా, కాసేపయ్యాక మళ్లీ బిగించాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది మీ మూడో బొమ్మ. అందులో మనిషి లాగే తాడును అరచేతికి చుట్టుకుని ఉన్నాడు. సరుకు ఒక్కసారిగా జరిగితే ఆ చెయ్యి బయటికి రాదు, వేళ్లు నలిగిపోతాయి. చూసి నేర్చుకునే పిల్లలుంటారు. దయచేసి ఆ బొమ్మను సరిదిద్ది మళ్లీ వేయండి.

ఇట్లు,
లారీ లోడ్లు కట్టే ఒక పాఠకుడు