పండూ, ఆ క్లామ్‌ని ఇంక కదపకు

పండూ,

వీడియో కాల్ చేసిన ప్రతిసారీ నీ ఉప్పునీటి టాంకులో పెంచుతున్న జెయింట్ క్లామ్, అదే ఆ పెద్ద గుల్ల, కొత్త చోట కనబడుతోంది. ఒకసారి ఇసుకలో మూలన, ఒకసారి రాయి మీద, నిన్నేమో సరిగ్గా పంపు ఎదురుగా. అలా తిప్పకురా. బరంపురంలో ఇన్నేళ్ళు జువాలజీ చెప్పినా, గోపాలపూర్ జాలర్లు, నోలియాల దగ్గర తెచ్చిన గుల్లలే క్లాసులో చూపించేదాన్ని. జెయింట్ క్లామ్ మన తీరంలో ఎక్కడుంది, పగడపు దిబ్బలుండే లక్షద్వీప్, అండమాన్ వైపు పోవాల్సిందే. అయినా దాని ఒంటి తీరు తెలుసు కాబట్టి చెప్తున్నా.

నీది మ్యాక్సిమా అనే జాతి అంటున్నావు. అది రాతిని పట్టుకుని బతికే రకం, ఇసుకలో ఉంటే పట్టు దొరక్క ఒరిగిపోతుంది. డెరాసా అనే ఇంకో జాతి అయితే ఇసుకలోనే పెట్టమనేదాన్ని. మ్యాక్సిమా తన అడుగున ఉన్న సందులోంచి సన్నని నారలాంటి దారాలు తీసి రాయికి అతుక్కుంటుంది. అతుక్కున్నాక లాగావంటే ఆ దారాలు తయారుచేసే గ్రంథి చిరిగిపోతుంది, ఇక బతకడం కష్టం. మార్చక తప్పదంటే పల్చని బ్లేడు రాయి మీదుగా జరిపి దారాల్ని కోయాలి. అంతకన్నా తేలికైనది, ముందే అరచేయంత బల్లపరుపు రాయి మీద కూర్చోబెట్టెయ్, అతుక్కున్నాక రాయితో సహా ఎక్కడికైనా జరుపుకోవచ్చు.

వెలుగే దానికి ముఖ్యమైన తిండి. చిప్పల మధ్య నుంచి బయటికి కనబడే ఆ రంగురంగుల మెత్తని కండ, దాన్నే మాంటిల్ అంటారు, దాని లోపల ఆల్గే అనే సన్నని నాచు ఉంటుంది, అది ఎండలో తయారుచేసుకున్న దాంట్లో క్లామ్‌కి వాటా. అలాగని వచ్చిన రోజే లైటు కిందికి ఎక్కించెయ్యకు, సగం ఎత్తులో మొదలెట్టి రెండు మూడు వారాల మీద రాయితో సహా పైకి తీసుకెళ్ళు. నీటి ప్రవాహానికి మాంటిల్ అంచు మెల్లగా ఊగాలి, మడతపడిందంటే పంపు జోరు ఎక్కువైనట్టే.

టెస్ట్ కిట్ ఉందిగా, కాల్షియం 420 పీపీఎం, ఆల్కలినిటీ 8 లేక 9 డీకేహెచ్ (కిట్‌లో ఆల్కలినిటీకి వాడే కొలత), మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంచు, ఉప్పునీటి సాపేక్ష సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీలు. మన పాతింటి గోడలకు వేసిన గుల్ల సున్నం గుర్తుందా? చిప్ప అంతా ఆ కాల్షియం సరుకే, నీళ్ళలో అది తగ్గితే కొత్త చిప్ప కట్టుకోలేదు. పెరుగుతోందో లేదో చిప్ప అంచు చూస్తే తెలిసిపోతుంది, తెల్లగా శుభ్రంగా కొత్త గీత కనిపించాలి. నైట్రేట్ సున్నాకి తెచ్చానని సంబరపడకు, క్లామ్ దాన్ని కూడా వాడుకుంటుంది, కాస్త ఉండనీ.

రోజూ ఒక పరీక్ష చెయ్యి: టాంకు మీద చెయ్యి ఆడించు. మాంటిల్ అంచున వందల కొద్దీ చిన్న చిన్న కళ్ళుంటాయి, నీడ పడగానే టక్కున ముడుచుకోవాలి. ముడుచుకోకుండా, నోరు వెళ్ళబెట్టినట్టు లోపలి గొట్టం సాగదీసుకుని ఉందంటే టెన్షన్ పడాల్సిందే. రాత్రి లైట్లు ఆపాక టార్చ్ వేసి చిప్ప అడుగు భాగం కూడా చూడు. బియ్యపు గింజంత తెల్ల నత్తలు కనబడితే మెత్తని టూత్‌బ్రష్‌తో తుడిచెయ్, అవి క్లామ్ ఒంట్లోంచి రసం పీల్చేస్తాయి. ఒకవేళ చచ్చిపోతే మాత్రం రేపు చూద్దాం అనుకోకు, వెంటనే తీసెయ్, ఒక్కటి కుళ్ళితే టాంకు మొత్తం పాడవుతుంది.

ఏంజెల్ ఫిష్ కొంటానన్నావు, దీనితో పాటు వద్దు. అన్నీ కాకపోయినా చాలా వరకు మాంటిల్‌ని కొరుకుతాయి, బటర్‌ఫ్లై ఫిష్ సంగతీ అంతే.

ఇంకోటి, కొన్నప్పుడు ఇది ఫారంలో పెంచిందేనా అని అడిగావా? జెయింట్ క్లామ్స్ అన్నీ సైటీస్, అంటే అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, దాని జాబితాలో ఉన్నాయి, మన దగ్గరైతే మ్యాక్సిమా 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. కాబట్టి సంక్రాంతికి వచ్చేటప్పుడు చచ్చిన చిప్పైనా సరే, బ్యాగులో వేసుకురాకు. షోకేసులో పెట్టుకుంటానని మీ నాన్న అడుగుతారు, నేను వద్దన్నానని చెప్పు.

అమ్మ