కామ్‌ని వదిలేయ్ మావా, కేబుల్ వెళ్ళే దారి చూడు

పీణ్య, బెంగళూరు
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ మావా,

మీ చిట్టితల్లి కాంపౌండ్ విల్లుతో వేసే బాణాలు ఎడమకి పోతున్నాయని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నా బుర్ర అక్కడే తిరుగుతోంది. ఫోన్‌లో సగం చెప్పేలోపే నువ్వు షాపువాడు విల్లు కొసల్లో తిరిగే చక్రాలు, అదే కామ్‌లు, కొత్తవి వెయ్యమన్నాడని, వాటి రేటు చెప్పి నాకూ టెన్షన్ పెట్టేశావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందే చెప్తున్నా, ఆ కామ్‌లు కొనకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు నీ ఇష్టం.

పిల్ల బాణం దూసుకుపోయేలా వేసి పంపిన కాగితం ఫోటో నాలుగైదుసార్లు పెద్దది చేసి చూశాను. మొన దూరిన చోట చిల్లు శుభ్రంగానే ఉంది, ఈకల వైపే ఎడమకి చీరుకుంటూ పోయింది. అంటే బాణం తిన్నగా బయలుదేరడం లేదు, తోక పక్కకి ఊపుకుంటూ వెళ్తోంది. పిల్ల పట్టు బాలేదని నువ్వు దాన్ని కేకలేశావట, చెల్లెమ్మ చెప్పింది. అది తప్పు మావా. అదే విల్లుతో నువ్వు వేసినా, కోచ్ వేసినా అదే చిరుగు వచ్చిందని నువ్వే అన్నావు కదా. ముగ్గురు వేసినా ఒకటే చిరుగంటే తప్పు మనిషిలో లేదు, విల్లులోనే ఉంది.

మన ఊళ్ళో మీ పెద్దమ్మ వాళ్ళ గిలకబావి గుర్తుందా? చేద నిండాక పైకి లాగుతుంటే అడుగు నుంచి గట్టు దాకా ఒకటే బరువు. ఆ గిలక ఇరుసు సరిగ్గా నడుమ ఉంటుంది, అందుకే అది తాడు దారి తిప్పుతుందే గానీ బరువు తగ్గించదు. కాంపౌండ్ విల్లు కొసన ఉన్న కామ్ కూడా గిలకే, కాకపోతే దాని ఇరుసు నడుమ ఉండదు, చుట్టూ ఆకారం కూడా గుండ్రంగా ఉండదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో హాలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన మామూలు విల్లు కొసలు రంపంతో కోసేసి అక్కడ గిలకలు బిగించాడు. 1966లో పేటెంట్‌కి పెట్టుకుంటే 1969 డిసెంబరులో వచ్చింది. వేల ఏళ్ళుగా మనుషులు వంచుతూ వచ్చిన వింటి కొసని రంపంతో కోసెయ్యడానికి ఎంత ధైర్యం కావాలో నేను చాలాసార్లు అనుకుంటాను.

ఆ కామ్‌లో రెండు గాడులు ఉంటాయి. ఒకదాంట్లో అల్లెతాడు, రెండోదాంట్లో కేబుల్. అల్లెతాడు లాగితే కామ్ తిరుగుతుంది, తిరుగుతూ కేబుల్‌ని తన గాడిలోకి చుట్టుకుంటుంది. కేబుల్ రెండో కొస అవతలి లింబు, అంటే విల్లు వంగే చెయ్యి, దగ్గర కట్టి ఉంటుంది కాబట్టి రెండు లింబులూ ఒకదాని వైపు ఒకటి వంగుతాయి. మొదట్లో అల్లెతాడు గాడి ఇరుసుకి దగ్గర, కేబుల్ గాడి దూరం. అందుకే లాగడం కష్టం. చివరికి వచ్చేసరికి అది తారుమారు అవుతుంది, చేతి మీద బరువు జారిపోతుంది. అలా జారిపోయే భాగాన్నే లెట్-ఆఫ్ అంటారు. 60 పౌండ్ల విల్లుకి 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, గురి పెట్టి నిలబడే వేళ చెయ్యి మోసేది 12 పౌండ్లే.

ఇంతవరకు నీకూ తెలిసిందే. మరి ఆ మిగతా 48 పౌండ్లు ఎక్కడికి పోయాయని ఎప్పుడైనా అడిగావా? లింబులు అప్పుడే అన్నిటికంటే ఎక్కువ వంగి ఉన్నాయి కదా, వాటి బలం ఎక్కడికీ పోలేదు. మొత్తం కేబుళ్ళ మీద పడింది. పిల్ల ప్రశాంతంగా గురి చూసుకుంటున్న ఆ క్షణంలో ఆ సన్నటి తాళ్ళు కొన్ని వందల పౌండ్ల లాగుడు మోస్తుంటాయి. పైగా సరిగ్గా అప్పుడే కామ్ మీద కేబుల్ వంపు తిరిగే వ్యాసార్థం అతి చిన్నది. ఎక్కువ బరువు, చిన్న వంపు, రెండూ ఒకేసారి. తాడు అరిగేది, దారప్పోగు చిట్లేది అక్కడే. నువ్వు ప్రతి నెలా చూడాల్సిన చోటు కూడా అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. కేబుళ్ళు తమ దారిన తాము తిన్నగా పోతే బాణానికి అడ్డం వస్తాయి. అందుకని కేబుల్ గార్డ్ అని ఒక రాడ్ పెట్టి వాటిని పక్కకి లాగి పట్టుకుంటాం. అన్ని వందల పౌండ్ల తాడుని పక్కకి లాగితే, అది ఊరుకుంటుందా? తనను పక్కకి లాగిన దానికి బదులుగా లింబు కొసని మెలిపెడుతుంది. లింబు మెలి తిరిగితే కామ్ వాలుతుంది. వాలిన కామ్ అల్లెతాడుని తిన్నగా తోయలేదు, బాణం తోకని పక్కకి నెడుతుంది. చిట్టి బాణం వేసిన కాగితం మీద నువ్వు చూసింది అదే. కామ్ అరగలేదు, పాడవలేదు. వాలింది అంతే. కొత్త కామ్ వేసినా అదే లింబు మీద, అదే కేబుళ్ళ మధ్య అదే వాలు వాలుతుంది.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూసుకో. సూటిగా ఉన్న బాణం ఒకటి తీసుకుని పై కామ్ పక్కకి బల్లపరుపుగా ఆనించు. బాణం కిందికి దిగుతూ అల్లెతాడుకి సమాంతరంగా పోవాలి. తాడు నుంచి దూరం జరుగుతూ పోయినా, తాడుని దాటుకుని అవతలికి పోయినా కామ్ వాలినట్టే.

నేను ఇక్కడ చేసిన పని చెప్తాను విను. నా పాత విల్లుకి కూడా ఇదే జబ్బు. మా షెడ్డు ఓనరు మంచాయన, ఆదివారాలు లేత్ వాడుకోనిస్తాడు. ఎస్పీ రోడ్డులో ఒక డిజిటల్ తూకం కొన్నాను, వేలాడేసే రకం. విల్లుని బల్లకి గట్టిగా బిగించి, అల్లెతాడుకి తూకం తగిలించి, చేతి వించ్‌తో ఒక్కో అంగుళం లాగుతూ బరువు రాసుకున్నాను. పూర్తిగా లాగాక, మళ్ళీ ఒక్కో అంగుళం వదులుతూ రాసుకున్నాను. గ్రాఫ్ కాగితం మీద రెండు గీతలూ గీస్తే వదిలేటప్పటి గీత కిందుగా వచ్చింది. ఆ రెండు గీతల మధ్య సందు ఉంది చూడు, అది మన చెయ్యి పెట్టిన కష్టంలో బాణానికి అందకుండా రాపిడికి పోయిన భాగం. ఆ కాగితం చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మధ్యాహ్నం మెస్‌కి వెళ్ళేసరికి పప్పు కూడా అయిపోయింది.

నా విల్లుకి ఉన్నది రాడ్ మీద జారే ప్లాస్టిక్ స్లైడ్. ప్రతి బాణానికీ కేబుళ్ళు దాన్ని ఒరుసుకుంటూ పోతాయి. దాని బదులు బేరింగ్ మీద తిరిగే రెండు చిన్న రోలర్లు చెయ్యాలనుకున్నాను. మొదటి జత ఇత్తడితో తిప్పాను, గాడి వి ఆకారంలో పెట్టాను. అది పొరపాటు. తాడు వి లోపలికి దిగి రెండు పక్కలా నొక్కుకుపోయింది, అంచున మిగిలిన లోహపు గరుకు కేబుల్ మీద చుట్టిన దారాన్ని కోసేసింది. వంద బాణాలు కూడా వెయ్యలేదు. రెండో జత డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేశాను, గాడి అడుగు గుండ్రంగా, కేబుల్ మందం కంటే కాస్త వెడల్పుగా ఉంచి, అంచులు వేలితో తడిమితే తగలనంత నునుపు చేశాను. మళ్ళీ గ్రాఫ్ గీశాను. సందు కంటికి తెలిసేంత తగ్గింది. ఎంత ఆనందం వేసిందంటే, అదే రాత్రి నీకు ఫోన్ చేద్దామనుకుని పదకొండయిందని ఆగాను.

కానీ రోలర్ రాపిడిని తగ్గిస్తుంది గానీ పక్క లాగుడుని తగ్గించదు. దానికి ఇంకో ఉపాయం ఉంది, నాకు చాలా నచ్చింది. పూర్తిగా లాగినప్పుడు ఈకలు కేబుళ్ళకి చాలా వెనక ఉంటాయి, అప్పుడు కేబుళ్ళు పక్కకి అంత దూరం ఉండనక్కర్లేదు. వదిలాక ఈకలు అక్కడికి వచ్చేసరికి మాత్రం తప్పుకుని ఉండాలి. అందుకని కొన్ని కంపెనీలు గట్టి రాడ్ బదులు వంగే రాడ్ పెట్టాయి. లాగుతున్న కొద్దీ కేబుళ్ళ బలానికి అది లోపలికి వంగుతుంది, లింబు మెలి తగ్గుతుంది. బాణం వదిలాక మళ్ళీ బయటికి వచ్చి దారి ఇస్తుంది. ఎక్కువ బరువున్న వేళ తక్కువ లాగుడు, అవసరమైన వేళ మాత్రం పూర్తి ఎడం.

తుపాకీలా పట్టుకుని వేసే క్రాస్‌బౌ గురించి అడిగావు కదా, దాంట్లో ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. అందులో బాణం నడుమ పట్టా మీద కూర్చుంటుంది, కేబుళ్ళు పట్టా కింద సందులోంచి పోతాయి. అంటే పక్కకి బదులు కిందికి లాగుతున్నాం. జబ్బు అదే, దిక్కు మారింది. పైగా అక్కడ లాగే దూరం మన విల్లు కంటే చాలా తక్కువ, అంత చిన్న దూరంలో అంత శక్తి దాచాలంటే 150, 200 పౌండ్ల బరువులు పెట్టాలి. విల్లులో కొంచెం ఓర్చుకునే వాలు అక్కడ ఓర్చుకోలేం. రావిన్ అనే అమెరికా కంపెనీ దీనికి చేసిన పని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కామ్‌కి పైనా కిందా రెండు పక్కలా కేబుళ్ళు పెట్టి, మరమేకు చుట్టల్లాంటి గాడిలో చుట్టుకునేలా చేశారు. పై కేబుల్ ఎంత లాగితే కిందిది అంతే లాగుతుంది, కామ్ ఎటూ వాలదు. చుట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు కాబట్టి కామ్ దాదాపు పూర్తి చుట్టు, 340 డిగ్రీలు తిరుగుతుంది. ఎక్కుపెట్టాక రెండు ఇరుసుల మధ్య వెడల్పు 6 అంగుళాలే!

అరవై ఏళ్ళుగా అందరూ కామ్ ఆకారం మీద పడ్డారు. రెండు కామ్‌లు కలిసి తిరగడం లేదని 1990ల మొదట్లో సింగిల్ కామ్ వచ్చింది, తర్వాత హైబ్రిడ్, 2005 ప్రాంతంలో బైనరీ. అన్నీ మంచివే. కానీ ఇప్పుడు మెరుగు పరచడానికి మిగిలిన చోటు ఎక్కువగా కేబుల్ నడిచే దారిలోనే ఉందని నా గట్టి నమ్మకం. నా రోలర్లకి కూడా తర్వాతి మెట్టు అదే, వంగే రాడ్ మీద బిగించాలి. 

మీ ఊరి ఎండ సంగతి ఒకటి చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఇప్పటి తాళ్ళు స్టీలు కాదు, డైనీమా, వెక్ట్రాన్ అనే పోగులు కలిపి చేస్తారు. డైనీమా గట్టిది, తేలిక, ఒరుపుకి తట్టుకుంటుంది, కానీ బరువు మీద ఉంచితే మెల్లగా సాగుతుంది, వేడికి ఇంకా సాగుతుంది. వెక్ట్రాన్ సాగదు, అయితే ఒరుపుకి నిలవదు. అందుకే రెండూ కలుపుతారు. మే నెలలో బెజవాడ ఎండలో కారు డిక్కీలో విల్లు వదిలేస్తే ఒక కేబుల్ పిసరంత సాగినా చాలు, రెండు కామ్‌లు ఒకే వేళకి ఆగవు. అల్లెతాడులో గురి చూసే చిన్న రింగు, పీప్, దానంతటదే తిరిగిపోయిందంటే తాడు సాగుతోందని అర్థం. దయచేసి డిక్కీలో పెట్టకు.

ఇక చిట్టి విల్లు. దానిది హైబ్రిడ్ కామ్, పైన కేబుల్ రెండు కాళ్ళుగా చీలి ఇరుసుకి రెండు పక్కలా తగులుతుంది. ఆ చీలికే మనకి మందు. విల్లుని నొక్కిపట్టి తాళ్ళు వదులు చేసే బౌ ప్రెస్‌లో పెట్టి ఒక కాలికి ఒక మెలి ఎక్కించాలి, రెండో కాలికి ఒకటి విప్పాలి. కేబుల్ మొత్తం పొడవు మారదు కాబట్టి రెండు కామ్‌లు కలిసి ఆగే టైమింగ్ చెడదు, కామ్ మాత్రం నిటారుగా లేస్తుంది. ఒక్కో మెలికీ కాగితంలోంచి ఒక బాణం వేసి చూడాలి. బైనరీ అయితే ఈ కాళ్ళు ఉండవు, ఇరుసు మీద వాషర్లు మార్చి కామ్‌నే పక్కకి జరపాలి, అది పెద్ద పని. నువ్వు మాత్రం ప్రెస్ లేకుండా ఇంట్లో ముట్టుకోకు. ఊరికే అన్న మాట కాదిది. బరువు మీదున్న కేబుల్ ఊడితే వేళ్ళు పోతాయి. అలాగే ఎవరైనా ముచ్చటపడి బాణం లేకుండా లాగి వదిలితే ఆ శక్తంతా లింబుల మీదే పడి పగిలిపోతాయి. ఇంటికొచ్చే పిల్లల చేతికి ఇవ్వొద్దు.

పిల్లని ఇంకేమీ అనకు. మన కాంపౌండ్ విలుకత్తె జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టినప్పుడు చిట్టి మీ గోడ మీద పేపర్ కటింగ్ అంటించిందని చెల్లెమ్మ చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు 2028 లాస్ ఏంజిలస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా ఒలింపిక్స్‌లోకి వస్తోంది. చిట్టి కలలు కనే వయసులో తలుపు తెరుచుకుంటోంది మావా. అలాంటి వేళ ఒక కేబుల్ పక్కకి లాగిందని దాని చేతిని అది అనుమానించుకుంటే నేను తట్టుకోలేను.

వచ్చే శుక్రవారం ప్రశాంతి రైలుకి టికెట్ దొరికింది. రోలర్ల జత ఒకటి చిట్టి కోసం వేరేగా తిప్పి తెస్తున్నాను. దానికి ఒక కొలత కావాలి. కేబుల్ గార్డ్ రాడ్ మందం ఎంతో చూసి పంపు. స్కేలు పెట్టి కాదు, మీ ఎదురింటి మెకానిక్ దగ్గర వెర్నియర్ ఉంటుంది, దాంతో మూడు చోట్ల కొలువు. బుధవారం లోపు పంపితేనే గురువారం లేత్ మీద పెట్టగలను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
పీణ్య మావ