షేర్డ్ సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు ఆపేస్తున్నామంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి షేర్డ్ హోస్టింగ్ ప్లాన్లలో ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి కమాండ్లు నడిపే సౌకర్యం, ఉండదు. పని ఉందని చెప్పి అడిగినవాళ్లకు మాత్రం తెరుస్తాం. ఇంకో మార్పు కూడా ఉంది. మామూలు యూజర్‌ని రూట్‌గా, అంటే సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా, మార్చేసే లోపం బయటపడి దాన్ని సరిచేసే ప్యాచ్ వస్తే, మీకు మెయిల్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడం. ఆ రాత్రే వేసేస్తాం. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ప్యాచ్ అయితే మేం సర్వర్ రీస్టార్ట్ చేయాలి, మీ సైటు కొన్ని నిమిషాలు ఆగుతుంది.

మొన్న పండగ అమ్మకాల్లో ఇలాగే రీస్టార్ట్ చేసినప్పుడు చీరల షాపు నడిపే ఒక కస్టమర్ ఫోన్ చేశారు. "మా సైటు బాగానే నడుస్తోంది కదండీ, ఎవరికో వచ్చిన ఇబ్బందికి మా అమ్మకాలు ఎందుకు పోవాలి?" అన్నారు. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. అయినా నిర్ణయం మార్చుకోవడం లేదు. ఎందుకో వివరంగా చెప్పాల్సిన బాధ్యత మాది.

షేర్డ్ సర్వర్ అంటే ఒకే లినక్స్ (సర్వర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) మీద చాలామంది సైట్లు. ఒక్కో ఖాతా ఒక్కో యూజర్, ఒకరి ఫైళ్లు మరొకరికి కనపడవు. రూట్ దొరికినవాడికి ఆ అడ్డుగోడలు లేవు. మీ డేటాబేస్ పాస్‌వర్డు, మీ దగ్గర కొన్నవాళ్ల చిరునామాలు, మెయిళ్లు, అదే సర్వర్‌లో బ్యాకప్ ఉంటే అదీ అతని చేతికి వెళ్తాయి. బయటివాడు నేరుగా రూట్‌గా రావడం అరుదు. ముందు ఎవరో ఒకరి సైట్లో ఏళ్లుగా అప్‌డేట్ చేయని వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లోంచి దూరుతాడు. అక్కడికి నష్టం ఆ ఒక్క సైటుదే. అక్కడి నుంచి రూట్‌కి ఎక్కే అడుగునే ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. మేం కాపలా కాయాల్సింది ముఖ్యంగా ఆ అడుగు దగ్గరే.

2022 జనవరి 25న క్వాలిస్ అనే సెక్యూరిటీ సంస్థ బయటపెట్టిన పోన్‌కిట్ అనే లోపం సంగతి చూడండి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, సెంటాస్ లాంటి లినక్స్ రకాల్లో వచ్చే, అనుమతులు చూసుకునే పోల్‌కిట్‌లో పీకేఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అనుమతి ఉన్న యూజర్ తరఫున రూట్‌గా ఒక కమాండ్ నడపడం దాని పని. అందుకే ఎవరు పిలిచినా అది రూట్ హోదాలోనే మొదలవుతుంది. ఏ ప్రోగ్రాంకైనా ఆర్గ్యుమెంట్ల (పిలిచేటప్పుడు దానికి అందించే మాటల) జాబితాలో కనీసం దాని పేరైనా వస్తుందనే నమ్మకంతో ఆ కోడ్ రాశారు. జాబితా ఖాళీగా పంపిస్తే అది హద్దు దాటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంకి పిలిచినవాడు ఇచ్చే సెట్టింగులు) ఉండే చోట చదువుతుంది, రాస్తుంది. చివరికి దాడి చేసేవాడు రాసిన కోడ్ లైబ్రరీ రూట్ హోదాతో లోడవుతుంది. ఈ తప్పు 2009 మేలో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే ఉంది. 2013లో ఒక ప్రోగ్రామర్ ఈ ప్రవర్తన గమనించి రాశారు కూడా, కానీ దాంతో రూట్ దొరుకుతుందని అప్పుడు తేలలేదు. వివరాలు బయటికొచ్చిన కొన్ని గంటలకే దాడి చేసే కోడ్ అందరికీ దొరికింది. మీ అందరి జవాబులు వచ్చేదాకా మేం ఆగలేనిది ఆ కొన్ని గంటల వల్లే.

ఎప్పుడూ కొత్త వెర్షన్ పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. సరిపోదు. అనుమతి ఉన్నవాళ్లు రూట్‌గా కమాండ్లు నడపడానికి వాడే సుడో అనే ప్రోగ్రాంలో 2025 జూన్ 30న బయటపడిన లోపం (సీవీఈ-2025-32463 అన్నది దానికిచ్చిన నంబరు) అందులోని సీహెచ్‌రూట్ ఆప్షన్‌ది. సుడో వాడే అనుమతి లేని యూజర్ కూడా దాంతో రూట్ అయిపోవచ్చు. అది సుడో 1.9.14 వెర్షన్‌లో మొదలైంది కాబట్టి ఉబుంటు 24.04కి తగిలింది, అంతకంటే పాతదైన 22.04కి తగల్లేదు. అలాగని పాతదాన్నే పట్టుకుని కూర్చోవడమూ కుదరదు. 2021 జనవరిలో బయటపడిన మరో సుడో లోపం 2011 నుంచి అందులోనే ఉంది. అందుకే వెర్షన్ నంబరు చూసి ఊరుకోకుండా, మా సర్వర్లలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారులు ఇచ్చే సెక్యూరిటీ నోటీసులు రోజూ చదువుతున్నాం.

కంట్రోల్ ప్యానెల్ అయితే ఇంకా భయం. ఖాతాలు తెరవాలి, డొమైన్లు కలపాలి, సర్టిఫికెట్లు పెట్టాలి, వీటన్నిటికీ రూట్ అధికారం కావాలి. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్‌లో లాగిన్ కూడా అక్కర్లేకుండా రూట్‌గా కమాండ్లు నడిపే లోపాలు బయటపడ్డాయి. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న దాదాపు 22,000 ప్యానెళ్లు లక్ష్యంగా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. మేం వాడేది వేరే ప్యానెల్. అయినా మా అడ్మిన్ లాగిన్‌ని వీపీఎన్ వెనక్కి మార్చేశాం. మీ ప్యానెల్ లాగిన్‌కి ఓటీపీ యాప్ కూడా ఇకపై తప్పనిసరి.

ఎస్‌ఎస్‌హెచ్ ఆపినంత మాత్రాన పని అయిపోదు. ప్లగిన్‌లోంచి దూరినవాడు వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషతో కూడా కమాండ్లు నడపగలడు. ఎస్‌ఎస్‌హెచ్ ఆపితే తగ్గేది దొంగిలించిన పాస్‌వర్డుతో నేరుగా షెల్‌లోకి (కమాండ్లు టైపు చేసే చోటికి) వచ్చే దారి. పీహెచ్‌పీ వైపు ఒక్కో యూజర్‌ని ఒక్కో పంజరంలో ఉంచే క్లౌడ్‌లినక్స్ వాళ్ల కేజ్‌ఎఫ్‌ఎస్ ఉంది. అందులో పీకేఎగ్జెక్ లాంటి ప్రోగ్రాంలు యూజర్‌కి అసలు కనపడవు. కెర్నల్‌లోనే లోపం ఉంటే మాత్రం కేజ్ ఉన్నా నమ్మలేం, ఎందుకంటే కెర్నల్ అందరికీ ఒక్కటే. అలాంటప్పుడు ప్యాచ్ వేయక తప్పదు, మేం దానికి రీస్టార్ట్ చేస్తాం.

మీ నుంచి మాకు కావాల్సిన సాయం ఒకటుంది. 2022 మార్చిలో బయటపడిన డర్టీ పైప్ అనే కెర్నల్ లోపం జాడ దొరికింది జర్మనీలోని ఒక హోస్టింగ్ కంపెనీకి వచ్చిన సపోర్ట్ టికెట్‌తో. డౌన్‌లోడ్ చేసిన లాగ్ ఫైలు తెరుచుకోవట్లేదన్నది ఫిర్యాదు. మాక్స్ కెల్లర్‌మన్ అనే ఇంజనీరు మొదట ఫైల్‌ని సరిచేసి టికెట్ మూసేశారు. అలాంటి ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తుంటే పోల్చి చూశారు. పాడైనవి ఎక్కువగా నెల చివరి రోజు ఫైళ్లేనని గమనించి, ఆ దారం పట్టుకుని కెర్నల్ దాకా వెళ్లారు. కాబట్టి మీరు పెట్టని ఫైలు కనపడినా, ఉన్నది తెరుచుకోకపోయినా, చిన్న విషయమే కదా అని వదిలేయకండి. మాకు రాయండి. చదివి, వెతికి, ఏం దొరికిందో మీకు చెప్తాం.

వాడకుండా వదిలేసిన ప్లగిన్లు, థీములు ఈ నెలలోనే తీసేయండి. మీకు చేతకాకపోతే మేం తీసిపెడతాం, దానికి డబ్బు తీసుకోం. డెవలపర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కావాలంటే నెలాఖరులోగా టికెట్ పెట్టండి. పాస్‌వర్డుతో కాదు, కీతో (మీ కంప్యూటర్‌లో ఉండే రహస్య ఫైలుతో) మాత్రమే తెరుస్తాం. రీస్టార్ట్ ఎంతమాత్రం కుదరదనే వ్యాపారం మీదైతే, రెండు సర్వర్ల మీద నడిపే ప్లాన్‌కి మారాలి. ఖర్చు ఎక్కువే అవుతుంది. ఎంతో అడగండి, మీ సైటు చూసి చెప్తాం.